తొమ్మిది వందల అరవై సంచులు

బాన్సువాడ,
జూన్ 12.

ఏమే సుప్రజా,

మా ఊరి బియ్యం ఎవరు తింటరు?

నవ్వకు. ముప్పై ఆరేండ్ల సంది నన్ను పట్టుకున్న ప్రశ్న ఇది. మా బాపు నర్సింలు రైసుమిల్లుల హమాలీ అని నీకు తెలుసు గదా. పదేండ్లప్పుడు సద్దిగిన్నె పట్టుకొని మిల్లు గేటుకాడ నిలబడితే, బాపు సంచి మోసుకుంట లారీ దిక్కు పోతుండె. "బాపూ, ఇవి యాడికి పోతయి?" అంటే "రేవుకు బిడ్డా" అన్నడు. "రేవు తర్వాత?" "రేవు తర్వాత నాకేమెరుక. నా వీపుకు లారీ దాకనే ఎరుక."

బాపు పోయి ఆరేండ్లు. నేను ఎకనామిక్స్ చదివిన, డిగ్రీ కాలేజీల ఎగుమతుల పాఠం పద్దెనిమిదేండ్ల సంది చెప్తున్న. మొన్న రవళి అనే పిల్ల లేచి "మేడం, మన బియ్యం తినేటోళ్లు ఎట్లుంటరు?" అన్నది. పుస్తకంల ఉన్న దేశాల పేర్లు చదివిన. ఆ పిల్ల కూసున్నది గని, జవాబు దొరకలేదని మొకంల కనబడ్డది. నాకు సిగ్గయింది.

అందుకే ఈ ఉత్తరం. ఫోన్ చేస్తే నువ్వు "ఓడ వచ్చిందే, మళ్లా చేస్తా" అని పెట్టేస్తవు. హాస్టల్ సెలవుల్ల రాసుకున్నట్టు రాస్తున్న, తీరికగ చదువు.

మా మహిళా రైతుల సంఘంల ఇప్పుడు మూడు వందల పన్నెండు మంది. నస్రుల్లాబాద్ నుంచి, బాన్సువాడ నుంచి, మీ వర్ని దిక్కు నుంచి. సగం మంది బీడీలు చేసేటోళ్లే. నెలకు పదిరోజులు కూడ బీడీపని దొరుకుతలేదు. యాసంగి వడ్లు మాత్రం కుప్పలు కుప్పలు. ముజఫర్ సేఠ్ మిల్లు పట్టిస్తనంటుండు. మా అధ్యక్షురాలు బాలవ్వ నిన్న మీటింగుల అన్నది: "మన బియ్యానికి ఊరు లేదా, పేరు లేదా? వేరేటోని సంచిల ఎందుకు పోవాలె?"

నిజంగనే ఎందుకు పోవాలె? మా పేరుతోని, మా సంచిల, మీ రేవు దాటి పోవుడు అయితదా? కాకుంటే కాదని రాయి. నాకు ఆశ పెట్టుకునుడు సరిగ్గ రాదని నీకు తెలుసు.

నీ
వైశాలి


గంగాలమ్మపేట రేవు,
జూన్ 27.

వైశూ,

అవుతుంది! ముందు ఈ మాట చదువుకుని, ఒక గ్లాసు నీళ్లు తాగి, మిగతాది చదువు.

నువ్వు ఈ రేవును పదేళ్ల కింద చూశావు. అప్పుడు ఒక జెట్టీ, నాలుగు బొగ్గు కుప్పలు, సాంబయ్య టీకొట్టు. ఇప్పుడు వస్తే గుర్తుపట్టవు. ఉప్పుమడులన్నీ గోదాములైపోయాయి. ఛత్తీస్‌గఢ్ లారీలు, ఒడిశా లారీలు, మన నిజామాబాద్ లారీలు ఉదయం నుంచి వరస కట్టి ఉంటాయి. కొత్త క్రేన్లు రెండు వచ్చాయి. ఒక్కొక్కటీ మన ఆర్ట్స్ కాలేజీ కంటే ఎత్తు, ఒట్టు! రైలు పట్టాలు గోదాము గుమ్మం దాకా వేశారు. రొయ్యల కోసం చల్లటి గిడ్డంగి, బ్యాంకులు మూడు, పరీక్షలు చేసే ల్యాబు, డ్రైవర్లు పడుకోవడానికి హాలు. సాంబయ్య కూడా ఇప్పుడు హోటలు పెట్టి రాజస్థాన్ డ్రైవర్ల కోసం రొట్టెలు చేయిస్తున్నాడు. నేను సరుకు ఏజెంటు కంపెనీలో కాగితాలు చూసే మనిషినే అయినా, పొద్దున్నే ఆ క్రేను చెయ్యి చాచడం చూస్తే ఇప్పటికీ చిన్నపిల్లలాగా ఆగిపోతాను.

ఇక అసలు సంగతి. ఇన్నాళ్లూ పెద్ద వ్యాపారులకే చోటు. ఈ ఏడాది రేవువాళ్లు చిన్న సంఘాల సరుకు కూడా తీసుకుంటామంటున్నారు. సముద్రం అవతల మొంబాసా రేవులో ఒకాయన సన్నబియ్యం అడుగుతున్నాడు. ఒక్క కంటైనరు. ఇరవై ఐదు కిలోల సంచులు తొమ్మిది వందల అరవై. ఆగస్టు ఇరవై రెండున ఓడ, సరుకు కొలంబోలో వేరే ఓడకు మారి వెళుతుంది. ఆ ఓడకు అందితే నెల నెలా మనకొక కంటైనరు చోటు ఇప్పిస్తానని మా మేనేజరు మాటిచ్చాడు. అందకపోతే ఆ చోటు వేరేవాళ్లది.

తేమ పద్నాలుగు శాతం దాటకూడదు. రాయి, మట్టి, పురుగు, వేరే గింజ, ఆకూ అలమూ ఏదీ కనబడకూడదు. "సంచుల్లో బియ్యం తప్ప మరేమీ లేదు" అని సంఘం కార్యదర్శి సంతకం చేయాలి. అంటే నువ్వే. కాగితం జత చేశాను.

సంతకం పెట్టేముందు వంద సార్లు ఆలోచిస్తావని తెలుసు. తొంభై తొమ్మిది దగ్గర ఆపెయ్.

సుప్రజ


బాన్సువాడ,
జూలై 30.

సుప్రజా, ఓ సుప్రజా,

లారీ లోడ్ అవుతున్నది! మిల్లు అరుగు మీద కూసొని రాస్తున్న. చేతులకు తౌడు, అక్షరాలు వంకరగ వస్తే ఏమనుకోకు.

నెల దినాల సంది ఇక్కడ పెండ్లి ఇల్లే. సంచి మీద ఏం రాయించాలె అని రెండు మీటింగులు. ఒకామె ఏరు పేరు మంజీర అన్నది, ఒకామె డ్యాం పేరు నిజాంసాగర్ అన్నది. ఆఖరుకు "బాన్సువాడ" అని ఎర్ర అక్షరాలు, కింద చిన్నగ సంఘం పేరు. అచ్చు వేసిన మొదటి సంచిని ఆడోళ్లు చేతులు మార్చుకుంట చూసిండ్రు. మా కోశాధికారి రెహానా దాన్ని భుజం మీద దుపట్టా లెక్క వేసుకొని "కైసీ దిఖ్‌తూఁ?" అనుకుంట, ఎట్లున్ననో చెప్పుండ్రని మిల్లంత తిరిగింది.

సంచులు నింపుడు, మూతులు కుట్టుడు మొత్తం బీడీ చేసే ఆడోళ్లదే. మెషిన్ తెస్తనని ముజఫర్ సేఠ్ అన్నడు గని వీళ్లు విన్లేదు. ఇరవై ఐదు బీడీలకు ఒక కట్ట కట్టిన చేతులు గదా. ఇరవై ఐదు సంచులు కాంగనే లెక్క చూడకుండనే ఒకామె చెయ్యి ఆపుతది, వరుస మారుతది. నేను కాయితం మీద గీతలు పెట్టుకుంట కూసున్న. ఒక్కతాన నా లెక్క తప్పింది, వాళ్లది తప్పలేదు. రెహానా ఊకుంటదా? "మేడం, ఫికర్ నక్కో కరో. మీరు పాఠం చెప్పుండ్రి, లెక్క మేం చూస్తం."

డ్రైవరు జేత్యా, తండా పిలగాడు అనుకునేవు, యాభై ఏండ్ల మనిషి. పద్నాలుగు టైర్ల లారీ. ముందట టైరుకు కొబ్బరికాయ కొట్టినంక బాలవ్వ అతన్ని ఆపి అడిగింది: "ఏం జేత్యా, సముద్రం నిజాంసాగర్ కన్న పెద్దదేనా?" "జర పెద్దదే అవ్వా" అన్నడు.

ఆమెకు ఒక్కటే రంది. ఓడల నెల దినాలంటే పురుగు పట్టదా అని. రేవుల పొగ పెడతరవ్వా, పురుగు రాదు అని చెప్పిన. "పొగ పెట్టిన బువ్వ తినాల్నా పాపం వాళ్లు?" అని మూతి తిప్పుకొని పోయింది.

కాయితం మీద సంతకం పెట్టిన. తొంభై తొమ్మిది దాకా కూడ లెక్కపెట్టలేదు. చూసినవా, మనిషి మారుతది.

లారీ కదిలినప్పుడు బాపు యాదికొచ్చిండు. ఆయన వీపుకు ఎరుకైన దూరం ఇయ్యాల దాటుతున్నం.

వైశాలి


గంగాలమ్మపేట రేవు,
ఆగస్టు 8.

వైశాలీ,

ఫోన్లో "పరీక్ష ఆలస్యమవుతోంది" అన్నాను. అది సగమే. మిగతా సగం ఫోన్లో చెబితే నువ్వు ఏడుస్తావు, నేను అరుస్తాను. అందుకే తిరిగి వస్తున్న జేత్యా చేతికి ఇది ఇస్తున్నాను.

పంటల పరీక్ష అధికారి ఐదు సంచులు విప్పించాడు. తేమ బాగుంది. రాయి లేదు. గింజ చూసి మెచ్చుకున్నాడు కూడా. తర్వాత చెయ్యి లోపలికి పెట్టి తీస్తే, గుప్పెడు ఎండు వేపాకు. రెండో సంచిలో గుప్పెడు. ఐదింటిలోనూ. ఇంకో పది విప్పించాడు. పదింటిలోనూ!

ఆయన తప్పేమీ లేదు. పరదేశానికి వెళ్లే సరుకులో మరో చెట్టు ఆకు ఉంటే అనుమతి ఇవ్వకూడదు. మనింట్లో బియ్యం డబ్బాలో అమ్మలు వేస్తారని నాకు తెలుసు, ఆయనకూ తెలిసే ఉంటుంది. కాగితానికి తెలియదు. ఆ కాగితం మీద నీ సంతకం ఉంది.

ఎనిమిది వందల కిలోమీటర్ల కుదుపుల్లో ఆకంతా నలిగి బియ్యంలో కలిసిపోయింది. ఇక్కడ శుభ్రం చేసే మెషిను నెలాఖరు దాకా వేరేవాళ్లకు రాసి ఉంది. ఇరవయ్యో తారీఖుకల్లా మళ్లీ పరీక్షకు పెట్టకపోతే ఓడ అందదు. ఇక్కడి వ్యాపారి ఎవరైనా కొనుక్కుంటాడు, వాడి సంచుల్లోకి మార్చుకుని అమ్ముకుంటాడు. బాన్సువాడ అని ఎక్కడా ఉండదు.

నీకు తెలియకుండా ఎవరు చేశారు ఈ పని? అదొక్కటి చెప్పు నాకు.

సుప్రజ


సామర్లకోట దాటిన రైలు,
ఆగస్టు 13.

సుప్రజా,

ఈ ఉత్తరం నా చేతితోనే నీకు ఇస్తున్న. ఎదురుగ నిలబడి చెప్పలేక రాసుకొచ్చిన. మాతోని మాట్లాడే ముందు ఇది చదువు.

నాకు తెలుసు.

జూలై నెలల ఒకనాడు మిల్లు డాబా మీదికి పోతే మోకాలంత ఎత్తు వేపాకు ఆరబోసి ఉన్నది. బాలవ్వ పక్కనే కూసొని ఈగలు తోలుతున్నది. "ఎందుకవ్వా ఇంత ఆకు?" అని అడగాలె. నోటి దాకా వచ్చింది. అడిగితే ఆమె చెప్తది, చెప్తే నేను వద్దనాలె. డెబ్బై ఏండ్ల మనిషికి, ముప్పై మంది ముందట, నేను వద్దనాలె. ఎండ బాగుందవ్వా అని కిందికి దిగొచ్చిన. తర్వాత వారం రోజులకు సంతకం పెట్టిన.

నీ ఉత్తరం చేతికి రాంగనే మిల్లుల అందరి ముందట చదివిన. బాలవ్వ "పరాయి దేశపోళ్ల పిల్లలు తింటరు, పురుగు అన్నం కావొద్దనే వేసిన బిడ్డా. చీడ అనుకున్నరా దాన్ని?" అన్నది. నువ్వు అడిగినవు గదా ఎవరు చేసిండ్రని. వేసింది ఆమె. పోనిచ్చింది నేను.

అప్పుడు రెహానా లేచింది. "ఆకు గాలికి పోతది. ఈనెనే పోదు. ఈనెను ఎవరు పడ్తరు? బీడీలకు తునికాకు ఈనె తీసిన వేళ్లు పడ్తయి. ఉన్నయి గదా మన కాడ, ఇరవై రెండు జతలు. చలో!" అన్నది. ఎవరు ముందు నవ్విండ్రో తెల్వదు గని, అర్ధగంటల చాటలు జమైనయి.

ఇరవై రెండు మందిమి వస్తున్నం. కాలేజీల సెలవు పెట్టిన. రెండు బోగీలల్ల చాటలే. టికెట్ కలెక్టరు "ఏందమ్మా, చాటల ఎగ్జిబిషనా?" అన్నడు. "కాదు సార్, ఓడ ఎక్కిస్తున్నం" అన్నది రెహానా. ఆయన నమ్మలేదు. నిజం చెప్తే నాక్కూడ నమ్మబుద్ధి అయితలేదు.

కిటికీల కొబ్బరిచెట్లు మొదలైనయి. తిట్టేది ఉంటే నన్ను పక్కకు పిలిచి తిట్టు. బాలవ్వ ముందట వద్దు.

వైశాలి


గంగాలమ్మపేట రేవు,
ఆగస్టు 25.

నా వైశూ,

ఓడ వెళ్లిపోయింది. మన సంచులతోనే!

మీరు ఇరవై ఒకటిన రైలెక్కేశారు కాబట్టి అసలు ఘట్టం చూడలేదు, చూసినట్టే చెబుతాను విను. ఇరవైన అధికారి నలభై సంచులు విప్పించినప్పుడు నువ్వు గోదాము వెనకాల గోడవైపు తిరిగి నిలబడ్డావే, ఆయన సరేనన్నాక కూడా తిరగలేదే, అక్కడి నుంచి చెబుతాను. ఇరవై ఒకటి సాయంత్రానికి పొగ పెట్టారు, కంటైనరు తలుపు వేశారు, సీలు నా కళ్లముందు వేశారు. మర్నాడు పదకొండు గంటలకు క్రేను దాన్ని ఎత్తింది. ఎర్ర కంటైనరు, నీలం సముద్రం మీద ఒక్క క్షణం ఊగింది. హమాలీలందరూ చేతులు ఆపి చూశారు. వాళ్లకు రోజూ కనబడేదే. మీ ఆడవాళ్లు వారం రోజులు కూర్చుని చెరిగిన బియ్యమని చూశారు. మేస్త్రీ ఒకాయన "మన బాన్సువాడోళ్లదేనా అది?" అని నన్నడిగాడు. మన అన్నాడు, విన్నావా?

నేను మూడు పెద్ద ఫ్యాన్లు తెచ్చిపెట్టడం తప్ప ఏమీ చేయలేదు. ఆకు ఫ్యానుకు ఎగిరిపోయింది. ఆకు ఈనెలు చూసి మాత్రం ఇక అవదనుకున్నాను. బియ్యపు గింజంత పొడవు, దాదాపు అదే రంగు. మీవాళ్లు బియ్యం వంక చూడనైనా చూడలేదు! ఎదురింటి కోడలి సంగతులు చెప్పుకుంటూ వేళ్లతో తీసి పడేస్తున్నారు. మా మేనేజరు గంటసేపు నిలబడి చూసి, "ఈ మెషిను ఏ కంపెనీది?" అన్నాడు. రెహానా ఏమందో నీకు తెలుసుగా. "కామారెడ్డి జిల్లా కంపెనీ, సర్. కరెంటు అక్కర్లేదు, చాయ్ పోస్తే చాలు."

బాలవ్వను సముద్రం దగ్గరకు తీసుకెళ్లింది కూడా నేనే. నువ్వప్పుడు లెక్క చూసుకుంటున్నావు. ఒడ్డున నిలబడి చాలాసేపు చూసింది. "గిన్ని నీళ్లుండి ఒక్క మడి లేదేందే?" అంది.

ఇప్పుడు నా వంతు. నువ్వు రైల్లో రాసినది చదివాక నేనూ ఒకటి దాచుకోకూడదు. ఆ రోజు వేపాకు బయటపడినప్పుడు మేనేజరు నన్ను చూసి "మీ ఊరివాళ్లేనా సుప్రజగారూ?" అన్నాడు. "కాదు సార్, తెలిసినవాళ్లు" అన్నాను. తాతల నాడు ఈ కోస్తా నుంచి వర్ని వెళ్లి అక్కడ మడి దున్నుకుని బతికిన ఇంటి పిల్లని. అక్కడ ఆంధ్రోళ్ల పిల్ల, ఇక్కడ తెలంగాణ పిల్ల. ఏ ఊరన్నా సగం మాటే కదా అని ఇన్నేళ్లూ సరిపెట్టుకున్నాను. ఆ రోజు మాత్రం అది సగం కూడా కాదు, భయం. ఇరవై రెండు మంది చాటలు పట్టుకుని గేటు దగ్గర దిగితే, ఎదురెళ్లి "మా ఊరివాళ్లు" అని గార్డుకు చెప్పాను. గట్టిగా చెప్పాను. నువ్వు విన్నావో లేదో.

అక్టోబరు నుంచి నెల నెలా చోటు మనదే. ఇంకొకటి కూడా ఉంది. చిన్న సంఘాల ధాన్యానికి ఇక్కడ ప్రత్యేకంగా ఒక విభాగం పెడుతున్నారు. నిజామాబాద్ నుంచి బస్తర్ దాకా వచ్చే సరుకు చూసి, ఇది పంపవచ్చు అని సంతకం చేసే మనిషి కావాలి. రెండేళ్లకు. మేనేజరు నీ పేరే చెప్పాడు, నేను చెప్పించలేదు. నీ పాఠంలో ఉన్న రేవును రోజూ కళ్లతో చూస్తావు. వచ్చెయ్యవే!

అన్నట్టు, ఇవాళ అన్నం వండదామని బియ్యం డబ్బా తెరిస్తే, పైన గుప్పెడు వేపాకు. మీ బాలవ్వ మా వంటింట్లోకి ఎప్పుడు దూరింది?

తీయలేదు. అలాగే ఉంచాను.

సుప్రజ


బాన్సువాడ,
అక్టోబరు 10.

సుప్రజా,

ముందు మంచి ముచ్చట. మొంబాసా నుంచి ఫొటో వచ్చింది!

నువ్వు పంపినది కాలేజీల పెద్ద తెర మీద వేసి చూపించిన. నెత్తికి పసుపు రుమాలు కట్టుకున్న ఒకామె, మన అంత వయసే ఉంటది, పళ్లెంల అన్నం, మీద బొబ్బర్ల కూర. నోటి దగ్గర చెయ్యి ఆపి నవ్వుతున్నది. వెనుక గోడ మేకుకు మన సంచి. ఖాళీ సంచికి పట్టీలు కుట్టి బజారు సంచి చేసుకున్నది. "బాన్సువాడ" అని సగమే కనబడుతున్నది. రవళి బెంచీ ఎక్కి మరీ చూసింది. "మేడం, మన అక్క లెక్కనే ఉన్నది" అన్నది.

మిల్లుల చూపిస్తే రెహానా "అరె, థైలా బనా లియే!" అని చప్పట్లు కొట్టింది. బాలవ్వ ఫోన్ దగ్గరికి తెచ్చుకొని చూసి చూసి, "ఉప్పు సరిపోయిందంటనా?" అన్నది. నువ్వే కనుక్కోవాలె ఇగ.

ముప్పై ఆరేండ్ల ప్రశ్నకు జవాబు దొరికింది. పోయిన ఆదివారం బాపు పనిచేసిన పాత మిల్లు గేటు దాకా నడిచిపోయిన. ఉత్తగనే. కొంచెంసేపు నిలబడి వచ్చిన.

గేటుకాడ నువ్వు గార్డుకు చెప్పింది విన్న. తిరిగి చూస్తే ఏడుస్తనని చూడలేదు. ఆ ముందటి మాట గురించి నేనేం అనను. అనే అర్హత ఎవరికి ఉన్నది మన ఇద్దరిల?

ఇప్పుడు నువ్వు అడిగినదానికి. రెండు ఉత్తరాలు రాసి పోస్ట్ చేయలేదు. ఒక దాంట్ల వస్తున్న అని, ఒక దాంట్ల రాను అని. ఇది మూడోది.

రావాలని ఉన్నది. అబద్ధమెందుకు, ఆ క్రేను కలల కూడ కదులుతున్నది. ఇన్నేండ్లు నల్లబల్ల మీద గీసిన బాణం గుర్తు చివర నిలబడాలని ఎవరికుండదు? పదారు మంది పిల్లలున్న క్లాసుల అదే పాఠం ఇంకో పన్నెండేండ్లు చెప్పుడు తలుచుకుంటే ఊపిరాడదు.

గని సుప్రజా, ఆ కొలువంటేనే సంతకం. ఊరు పేరు తెల్వని సంఘాలు, మొకం చూడని బాలవ్వలు, వాళ్ల సంచుల మీద నా పేరు.

మొన్న రెండో లారీకి సంచులు తయారైనయి. ఈసారి నేను ఒక్కొక్కటి మూతి విప్పి, మోచేతి దాకా చెయ్యి పెట్టి చూసిన. తొమ్మిది వందల అరవై. మూడు రోజులు పట్టింది. ఒక్క ఆకు లేదు. మూడో రోజు సాయంత్రం బాలవ్వ వచ్చి నా పక్కన కూసున్నది. "నమ్మకం లేదా బిడ్డా?" అన్నది. కోపంగ అనలేదు, కోపంగ అంటే మంచిగుండు. నేను చెయ్యి సంచిలనే పెట్టుకొని ఉన్న. ఆమె లేచి, నేను విప్పిన మూతులు ఒక్కొక్కటే మళ్ల కుట్టుకుంట పోయింది.

అప్పటి సంది అదే తిరుగుతున్నది మనసుల. ఆ రోజు డాబా మీద నేను అడగకుండ దిగొచ్చింది ఆమె మీద గౌరవంతోనా, అడిగే దమ్ము లేకనా? గౌరవమైతే నీ కొలువు చెయ్యగలుగుత. దమ్ము లేక అయితే, ఆ కుర్చీల నేను కూసోవద్దు. మూడు రోజులు చెయ్యి పెట్టి చూసుడు ధైర్యమో, పాత భయం ఇంకో మొకం పెట్టుకొని వచ్చిందో, అది కూడ తెలుస్తలేదు.

కొలువు సంగతి సోమారం వరకు చెప్పాలని ఫోన్ల అన్నవు. ఇయ్యాల శుక్రారం. కొలువుకు ఒప్పుకునే కాయితం నా ముందట ఉన్నది, పెన్ను కూడ ఉన్నది. రావాల్నో వద్దో నాకు తెలుస్తలేదు సుప్రజా.

లారీ రేపు పొద్దున బయల్దేరుతది. జేత్యాకు ఈ ఉత్తరం ఇస్తున్న.

వైశాలి